లెక్కను వాడే ముందు దాని ఊరూ పేరూ అడగండి

పీహెచ్‌డీలో సీటు వచ్చింది. టాపిక్ కూడా ఖరారైంది. ‘బయ్యారం మండలంలో గిరిజన మహిళల ఉపాధి’ అనో, ‘మహబూబాబాద్ జిల్లాలో ఆడపిల్లల చదువు’ అనో రిజిస్ట్రేషన్ కాగితం మీద పడింది. ఇంటింటికీ తిరిగి సొంతంగా సర్వే చేద్దామంటే డబ్బు లేదు, వెంట తిరిగే మనుషులు లేరు, ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు. గైడు ఒక్క ముక్కలో తేల్చేశారు: “సెకండరీ డేటా ఉంది కదా, అది తీసుకో.”

మీరు తీసుకున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైలు డౌన్‌లోడ్ చేసి తెరిచారు. వేల కాలమ్‌లు, తలా తోకా తెలియని కోడ్‌లు. ఇప్పుడేం చేయాలి?

ఇక్కడ కొందరు భయపడి ఫైలు మూసేస్తారు. ఇంకొందరు ధైర్యం ఎక్కువై, కనిపించిన రెండు కాలమ్‌లకు సగటు కట్టి, అదే రోజు రాత్రి ‘ఫలితాలు’ అధ్యాయం మొదలుపెడతారు. మొదటివారి కంటే రెండోవారికే నష్టం ఎక్కువ. భయం పది రోజుల్లో పోతుంది. థీసిస్‌లోకి ఎక్కిన తప్పు అంకె మాత్రం వైవా దాకా వెంటాడుతుంది.

సెకండరీ డేటాతో పని చేయడమంటే, ఎవరో ఎందుకోసమో రాసిపెట్టుకున్న దాన్ని మన ప్రశ్నకు జవాబు చెప్పేలా చదవడం. బయ్యారం చెరువు శాసనాన్నే చూడండి. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు తవ్వించి, ఆ సందర్భంగా శాసనం వేయించింది. అందులో ఉన్న వంశక్రమం ఆధారంగానే చరిత్రకారులు కాకతీయుల తొలి తరాలను వరుసలో పేర్చుకోగలిగారు. శాసనం వేయించినప్పుడు ఆమె మనసులో చరిత్ర పరిశోధన లేదు. కాబట్టి చరిత్రకారుడు ముందు ‘దీన్ని ఎవరు వేయించారు, ఎప్పుడు, ఎందుకు’ అని అడుగుతాడు, తర్వాతే అందులోని పేర్లను వాడుకుంటాడు. మీ ఎక్సెల్ ఫైలుకూ ఇదే మర్యాద కావాలి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం దాని తర్వాతి మాట.

సరే, పనిలోకి దిగుదాం.

1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

ఎవరి గురించి, ఎక్కడ, ఏ సంవత్సరం, ఏ విషయం. ఈ నాలుగూ ఒక్క వాక్యంలో ఇమడాలి. ‘గిరిజన మహిళల స్థితిగతులు’ అనేది టాపిక్ మాత్రమే. ‘2011లో బయ్యారం మండలంలోని మహిళా శ్రామికుల్లో వ్యవసాయ కూలీలు ఎంత శాతం?’ అనేది ప్రశ్న. మొదటిదానికి ఏ ఫైలు తెరవాలో మీకే తెలియదు. రెండోదానికి జనగణన పట్టిక తెరిస్తే చాలని ఎవరైనా చెప్పగలరు.

వాక్యం కుదరకపోతే డేటా జోలికి వెళ్లకండి. ప్రశ్న లేకుండా ఫైలు తెరిస్తే, ఫైలులో ఏముందో అదే మీ ప్రశ్న అయిపోతుంది.

2. మీ ఊరు ఆ ఏడాది ఏ జిల్లాలో ఉందో చూడండి

ఒక డిపార్ట్‌మెంట్‌లో తరచూ వినిపించే సంభాషణ ఇది.

“సార్, మహబూబాబాద్ జిల్లాకు 2011 జనాభా లెక్కలు దొరుకుతలేవు.”

“ఎట్ల దొరుకుతయమ్మా? జిల్లా పుట్టిందే 2016ల కదా. బయ్యారం కావాల్నంటే ఖమ్మం కింద చూడు.”

నవ్వుకోవడానికి ఏమీ లేదు. ఈ చిక్కు ఎంత లోతుగా ఉందో చూడండి. 1953 అక్టోబర్ 1న ఖమ్మం జిల్లా ఏర్పడే దాకా బయ్యారం ప్రాంతం వరంగల్ జిల్లాలోది. అప్పటి నుంచి 2016 అక్టోబర్ 11 వరకు ఖమ్మం జిల్లాలోది. ఆ రోజు కొత్త జిల్లాలు వచ్చినప్పుడు బయ్యారం, గార్ల మండలాలు మహబూబాబాద్‌లో చేరాయి. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అందుకే 1981 లెక్కలు తాలూకాల వారీగా, 1991 లెక్కలు మండలాల వారీగా ఉంటాయి. ఊరు ఉన్నచోటే ఉంది, పట్టికలో దాని చోటు మాత్రం మారుతూ వచ్చింది.

పక్క జిల్లాల కథ కూడా ఇంతే. 2015-16 నాటి నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు పాత 10 జిల్లాలే ఉన్నాయి. అందులో ‘వరంగల్’ అంటే నేటి జనగామ, భూపాలపల్లి ప్రాంతాలూ, మహబూబాబాద్‌లో అధిక భాగమూ కలిసిన పాత వరంగల్. 2019-21 నాటి ఐదో సర్వే 2017 మార్చి 31 నాటి జిల్లాల ప్రకారం జరిగింది కాబట్టి అందులో 31 జిల్లాలున్నాయి. 2019 ఫిబ్రవరిలో విడిపోయిన ములుగు అందులో జయశంకర్ భూపాలపల్లిలోనే కలిసి ఉంది. ఇది గమనించకుండా ‘భూపాలపల్లిలో రక్తహీనత ఇంత’ అని రాసి, పక్కన నేటి జిల్లా మ్యాపు అతికిస్తే ఏమవుతుంది? అంకె ఒక ప్రాంతానిది, బొమ్మ మరో ప్రాంతానిది అవుతుంది.

ఏం చేయాలి? ఒక తెల్లకాగితం మీద మీ అధ్యయన ప్రాంతం పేరు రాసి, 1951 నుంచి నేటి వరకు అది ఏ తాలూకా, ఏ మండలం, ఏ జిల్లా, ఏ రాష్ట్రంలో ఉందో వరుసగా రాయండి. జిల్లాల స్థాయిలో దీర్ఘకాలిక పోలిక కావాలంటే ఇక్రిశాట్ జిల్లా డేటాబేస్ చూడండి. 1966 నాటి జిల్లా సరిహద్దులకు సర్దిన గణాంకాలు అందులో ఉన్నాయి. మండలం స్థాయిలో కావాలంటే గ్రామాల వారీ లెక్కలు తీసుకుని, నేటి మండలంలోని గ్రామాలను మీరే కూడుకోవాలి. చేతినొప్పి పుట్టే పనే. అయినా తప్పదు.

పత్రాలు వెతికేటప్పుడూ ఈ కాగితం పక్కన ఉండాలి. బయ్యారం ఉక్కు కర్మాగారం ప్రతిపాదన గురించి మాట్లాడేవాళ్లంతా ప్రస్తావించే 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో ఉన్నది ‘ఖమ్మం జిల్లా’ అనే మాటే. ‘మహబూబాబాద్’ అని వెతికితే ఏమీ దొరకదు.

3. పేరును నమ్మకండి, కోడ్‌ను పట్టుకోండి

బయ్యారం ఒక్కటేనా? పినపాక మండలంలో ఏడూళ్ల బయ్యారం ఉంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. 2011లో రెండు బయ్యారాలూ ఖమ్మం జిల్లాలోనే ఉన్నాయి. ఎక్సెల్‌లో ‘బయ్యారం’ అని కొట్టి, మొదట కనిపించిన వరుసను కాపీ చేసుకున్న విద్యార్థి ఏ ఊరి లెక్క రాస్తున్నట్టు?

2011 జనగణనలో ఖమ్మం జిల్లా కోడ్ 541, వరంగల్ కోడ్ 540. ప్రతి మండలానికీ, ప్రతి గ్రామానికీ ఇలాగే విడి కోడ్ ఉంటుంది. రెండు పట్టికలను కలపాల్సి వస్తే కోడ్‌తోనే కలపండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం అటూ ఇటూ అయితే చాలు, పేరుతో కలిపిన పట్టికలో ఊళ్లకు ఊళ్లే రాలిపోతాయి.

తండాల మీద పని చేసేవారికి ఇంకో హెచ్చరిక. తెలంగాణలో 2018లో ఎన్నో తండాలు కొత్తగా గ్రామ పంచాయతీలయ్యాయి. జనగణన మాత్రం రెవెన్యూ గ్రామాన్నే గ్రామంగా లెక్కిస్తుంది. కాబట్టి మీ తండా పేరు 2011 పట్టికలో లేకపోతే అక్కడ మనుషులు లేరని కాదు, ఏదో రెవెన్యూ గ్రామం అంకెలో కలిసిపోయి ఉన్నారని అర్థం.

4. సర్వేలో అడిగిన ప్రశ్నను చదవండి

కాలమ్ పేరు చూసి అర్థం ఊహించుకోకండి. ప్రతి పెద్ద సర్వేకూ ప్రశ్నావళి, గణకులకు ఇచ్చిన సూచనల పుస్తకం ఉంటాయి. రెండూ ప్రింటు తీసుకుని చదవండి. ఎందుకంటారా?

ఒక తండాలో ఒక మహిళ ఉందనుకుందాం. వానాకాలంలో సొంత చేనులో పత్తి, జనవరి దాటాక కూలికి మిర్చి ఏరడం, ఎండాకాలంలో కొన్నాళ్లు ఉపాధి హామీ పని, కొన్నాళ్లు తునికాకు సేకరణ. ఈమెకు ‘ఉపాధి’ ఉన్నట్టా, లేనట్టా? జనగణన గడిచిన ఏడాదిలో ఆరు నెలలు పని చేసిందా అని చూసి ‘ప్రధాన శ్రామికురాలు’ లేదా ‘పాక్షిక శ్రామికురాలు’ అంటుంది. 2017లో మొదలైన కార్మిక శక్తి సర్వే రెండు విధాలుగా చూస్తుంది. ఒకటి గడిచిన 365 రోజుల ప్రకారం, రెండోది గడిచిన 7 రోజుల ప్రకారం. గణకుడు మిర్చి కోతల వారంలో వచ్చాడా, ఎండలు మండే ఖాళీ వారంలో వచ్చాడా అన్నదాన్ని బట్టి రెండో జవాబు మారిపోతుంది. మనిషి అదే, జీవితం అదే, అంకెలు మూడు రకాలు. ఏది వాడుతున్నారో, ఎందుకో రాయకుండా ‘ఉపాధి రేటు’ అంటే పరీక్షకుడు ఊరుకోడు.

నిర్వచనం కాలంతోనూ మారుతుంది. 1971, 1981 జనగణనలను పక్కపక్కన పెడితే తెలంగాణ జిల్లాల్లో ఎస్టీ జనాభా ఒక్కసారిగా ఎగబాకినట్టు కనిపిస్తుంది. జననాల రేటు పెరిగిందని రాసేస్తారా? 1976 చట్ట సవరణతో తెలంగాణ ప్రాంతంలోని లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. మారింది ప్రధానంగా జాబితా. లంబాడా తండాలు, కోయగూడేలు పక్కపక్కనే ఉండే బయ్యారం లాంటి చోట ఈ సంగతి తెలియకుండా ‘ఎస్టీ’ అనే కాలమ్‌ను ముట్టుకోకూడదు.

భాగహారంలో కింద ఏముందో కూడా చూడాలి. అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపై వయసువారి మీద లెక్కిస్తారు. ఊళ్లో 1,000 మంది, వారిలో ఏడేళ్లలోపు పిల్లలు 100, చదవను రాయను వచ్చినవారు 540 మంది అనుకోండి. 540ని 1,000తో భాగిస్తే 54 శాతం. అది తప్పు. 900తో భాగించాలి, 60 శాతం వస్తుంది. నిరుద్యోగమూ అంతే. 100 మందిలో 40 మంది పనిలో ఉండి, 10 మంది పని వెతుక్కుంటుంటే నిరుద్యోగ రేటు 10 శాతం కాదు, 50 మందిలో 10 మంది, అంటే 20 శాతం.

5. మీ డేటా ఎంతదాకా మాట్లాడగలదో తెలుసుకోండి

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తం మీద 6,36,699 కుటుంబాలను కలిసింది. అంకె పెద్దదే. అయినా అది జిల్లా దాకా మాట్లాడేలా తయారైన సర్వే. బయ్యారం మండలం గురించి దాన్ని అడిగితే, ఒకటో రెండో నమూనా గ్రామాల మాటను మండలం మాటగా చెప్పినట్టవుతుంది. ఆ నమూనా గ్రామం ఏదో మ్యాపులో కనిపెట్టాలని కూడా చూడకండి. జవాబిచ్చినవారి గోప్యత కోసం గ్రామీణ ప్రాంతాల్లో నమూనా గ్రామాల జీపీఎస్ బిందువులను 5 కిలోమీటర్ల దాకా, కొన్నిటిని 10 కిలోమీటర్ల దాకా కావాలనే జరిపి ఇస్తారు.

ఏ ప్రశ్నకు ఎక్కడికి వెళ్లాలి? స్థూలంగా ఇదీ దారి:

– గ్రామం, మండలం స్థాయి జనాభా, అక్షరాస్యత, పని, సౌకర్యాలు: జనగణన. గ్రామ స్థాయిలో చివరిది 2011దే. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1.

– తల్లీపిల్లల ఆరోగ్యం, పోషణ, జిల్లా స్థాయి: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే.

– ఉపాధి, వేతనాలు, రాష్ట్ర స్థాయి: కార్మిక శక్తి సర్వే.

– అవే కుటుంబాల్లో 2004-05కూ 2011-12కూ మధ్య వచ్చిన మార్పు: భారత మానవాభివృద్ధి సర్వే.

– పిల్లలు పెరిగేకొద్దీ పేదరికం వారినేం చేస్తుంది: 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవే పిల్లలను వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం.

యంగ్ లైవ్స్ మనదే కదా అని సంబరపడి బయ్యారానికి అన్వయించకండి. అందులో కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప ఉన్నాయి. ఖమ్మం లేదు, వరంగల్ లేదు.

సేకరించిన సందర్భమూ జవాబులను మారుస్తుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేకు ముందు, లెక్కలో పేరుండాలని ఊర్లకు ప్రయాణమైనవారితో బస్సులు, రైళ్లు కిక్కిరిశాయి. వలస మీద పరిశోధన చేసేవారు అలాంటి రోజు లెక్కను చూసి ‘ఊళ్లో అందరూ ఉన్నారు’ అనగలరా?

6. వెయిట్ వేయకుండా శాతం చెప్పకండి

నమూనా సర్వేలో ప్రతి జవాబూ ఒకే సంఖ్యలో మనుషులకు ప్రాతినిధ్యం వహించదు. ఒక మహిళ జవాబు వందలమంది తరఫున, మరొకామె జవాబు వేలమంది తరఫున ఉండొచ్చు. ఆ తేడాను సరిచేసే అంకే వెయిట్. కుటుంబ ఆరోగ్య సర్వే మహిళల ఫైలులో అది వి005 అనే కాలమ్‌లో ఉంటుంది. దాన్ని 10 లక్షలతో భాగించి వాడాలి. కార్మిక శక్తి సర్వేలో దాన్ని మల్టిప్లయర్ అంటారు. దాన్ని దేనితో భాగించాలో ఫైలుతోపాటు వచ్చే రీడ్‌మీలో రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ చదవని కారణంగా పాడైన పట్టికలు ఎన్నో.

దీనికి తోడు 98, 99, 9998 లాంటి అంకెలు. చాలా కాలమ్‌లలో వీటికి ‘తెలియదు’, ‘సమాచారం లేదు’ అని అర్థం. వాటిని తీయకుండా సగటు కడితే పెళ్లినాటి సగటు వయసు అమాంతం పెరిగిపోతుంది.

7. అచ్చయిన పట్టికను మీ చేత్తో మళ్లీ రప్పించండి

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి. సర్వే నివేదికలో తెలంగాణకు సంబంధించిన ఒక చిన్న పట్టిక ఎంచుకోండి. ఫైలు తెరిచి, ఆ అంకె మీకూ వచ్చేదాకా కూర్చోండి.

మొదటిసారి రాదు. వెయిట్ మరిచి ఉంటారు. వేసినా రాదు, వయసు పరిధి 15–49 అని చూసుకుని ఉండరు. సరిచేసినా దశాంశం తేడా వస్తుంది, ‘తెలియదు’ అన్నవారిని తీయాలో ఉంచాలో నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. చివరికి అంకె సరిగ్గా కలుస్తుంది. వంటమనిషి అన్నం మెతుకు పట్టి చూసినట్టు, ఆ ఒక్క అంకెతో మీ పద్ధతి మొత్తం ఉడికిందో లేదో తెలిసిపోతుంది. తర్వాత మీరు కట్టే కొత్త పట్టికను మీరే నమ్మగలుగుతారు.

8. ప్రతి మెట్టూ రాసి పెట్టండి

మౌస్‌తో నొక్కుతూ పోతే నిన్న ఏం చేశారో రేపు గుర్తుండదు. ఆర్, పైథాన్ ఉచితం, డిపార్ట్‌మెంట్‌లో ఉంటే స్టాటా. ఏదైనా సరే, ఆదేశాలను ఫైలుగా రాసి నడపండి. అసలు ఫైలును ఒక ఫోల్డర్‌లో తాకకుండా ఉంచి, నకలు మీద పని చేయండి. రెండేళ్ల తర్వాత వైవాలో “ఈ 41 శాతం ఎక్కడిది?” అని అడిగితే, ఫైలు తెరిచి ఆ వరుసను చూపించగలగాలి.

సాధారణంగా చేసే పొరపాట్లు

– రెండు సర్వేల్లో ఒకే పేరున్న అంకెను నేరుగా పోల్చడం. 2011-12 వినియోగ వ్యయ సర్వేకూ 2022-23 దానికీ సేకరించిన తీరే వేరు.

– జిల్లా సగటును మనిషికి అంటగట్టడం. అక్షరాస్యత తక్కువున్న జిల్లాలో వలస ఎక్కువుంటే, వలసపోయినవారంతా చదువురానివారని అర్థం కాదు.

– ఇరవై మంది జవాబుల మీద ‘65 శాతం’ అని రాయడం. శాతం పక్కన ఎంతమంది మీద కట్టారో రాయండి.

– మీ పేరుతో నమోదై తీసుకున్న ఫైలును స్నేహితుల గ్రూపులో పంచడం. నియమాల్లో అది కుదరదని ఉంటే కుదరదనే అర్థం.

ఒక నెల సాధన

మొదటి వారం ఫైలు తెరవకండి. ప్రశ్న, సరిహద్దుల కాగితం, ప్రశ్నావళి చాలు. రెండో వారం జనగణన నుంచి బయ్యారం మండల గ్రామాలను కోడ్‌లతో తీసి ఒక పట్టిక చేయండి. మూడో వారం కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి ఒక అచ్చు పట్టికను మళ్లీ రప్పించండి. నాలుగో వారం మీ ప్రశ్నకు ఒక్క పట్టిక, దాని కింద ఒక పేజీ వివరణ రాసి, మీ సబ్జెక్టు కాని స్నేహితుడికి ఇవ్వండి. అతనికి అర్థంకాని వాక్యం తిరగరాయండి.

ఒంటరిగా కుదరడం లేదా? భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఆర్థిక సహాయంతో విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన పద్ధతుల కోర్సులు జరుగుతుంటాయి. ప్రకటన రాగానే దరఖాస్తు పెట్టండి. వెళ్లేటప్పుడు ఖాళీ నోటుబుక్‌తో వెళ్లకండి. మీ ప్రశ్న, మీ ఫైలు, కలవని అంకె వెంట తీసుకెళ్లండి. సొంత చిక్కుముడితో వెళ్లినవారే కోర్సు నుంచి ఏదైనా తెచ్చుకుంటారు.

ఆఖరిగా, పట్టిక పూర్తయ్యాక ఒకసారి ఊరికి వెళ్లండి. సర్వే చేయడానికి కాదు, మీ అంకెను అక్కడివారికి చెప్పి చూడటానికి. “మీ దగ్గర ఆడవాళ్లలో ఇంతమందే పనికి పోతరని లెక్కల్ల ఉన్నదమ్మా” అంటే ఏమంటారో వినండి. వాళ్లు ఒప్పుకోకపోతే, సర్వే ప్రశ్న ఎక్కడ వాళ్ల పనిని వదిలేసిందో అక్కడే బయటపడుతుంది. బహుశా మీ థీసిస్‌లో అసలైన అధ్యాయం అదే కావచ్చు.

డేటా ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం, ప్రశ్నావళులు ఉచితం. బయ్యారంలో పుట్టి వరంగల్‌లో చదువుకుంటున్న విద్యార్థికీ, ఢిల్లీలో చదివే విద్యార్థికీ తెరుచుకునేది ఒకే ఫైలు. పైగా తండా ఏదో, రెవెన్యూ గ్రామం ఏదో, మిర్చి ఏరే నెల ఏదో మీకు ముందే తెలుసు. ఆ తెలివిడిని పట్టికలోకి తీసుకురండి. ఈ రోజే కాగితం తీసి మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి.